ఇంగ్లీషులో వర్ణించాలంటే అన్నీ 'ఈజ్', 'దేర్ ఈజ్' అయిపోతున్నాయి: లుక్, సౌండ్, టేస్ట్, ఫీల్, సీమ్ వాడే పద్ధతి చెప్పండి

కొత్త_పలక:
స్పీకింగ్ పరీక్షకి తయారవుతున్నాను. మనిషినో వస్తువునో చోటునో వర్ణించమంటే నా వాక్యాలు కింది రకంగా వస్తున్నాయి. తప్పులున్నాయని తెలుసు, ఎందుకు తప్పో తెలియట్లేదు.

1. "షి ఈజ్ లుకింగ్ బ్యూటిఫుల్లీ ఇన్ దట్ సారీ."
2. "ఎ బ్యాడ్ స్మెల్ ఈజ్ కమింగ్ ఫ్రమ్ ది ఫ్రిజ్."
3. "హి ఈజ్ లుకింగ్ లైక్ యాంగ్రీ."
4. "దిస్ మ్యాంగో టేస్ట్ ఈజ్ వెరీ స్వీట్."
5. "హౌ డజ్ యువర్ హౌస్ లుక్ లైక్?"

వీటిని సరిచేయడమే కాకుండా, క్రియ తర్వాత ఏం రావాలో గుర్తుండే పద్ధతి ఏదైనా చెప్తారా?

గోదారిగట్టు:
ముందు సరిచేసిన రూపాలు:

1. "షి లుక్స్ బ్యూటిఫుల్ ఇన్ దట్ సారీ."
2. "ది ఫ్రిజ్ స్మెల్స్ బ్యాడ్." లేదా "దేర్స్ ఎ బ్యాడ్ స్మెల్ ఇన్ ది ఫ్రిజ్."
3. "హి లుక్స్ యాంగ్రీ."
4. "దిస్ మ్యాంగో టేస్ట్స్ వెరీ స్వీట్." మాట్లాడేటప్పుడు ఇంకా తేలిగ్గా "దిస్ మ్యాంగో ఈజ్ సో స్వీట్."
5. "వాట్ డజ్ యువర్ హౌస్ లుక్ లైక్?"

ఇప్పుడు అసలు కారణం. తెలుగులో ఒక్క 'గా' ప్రత్యయం రెండు పనులు చేస్తుంది. 'ఆవిడ అందంగా ఉంది' అన్నా 'ఆవిడ అందంగా పాడింది' అన్నా మనకి 'అందంగా'నే. ఇంగ్లీషులో మొదటిదానికి విశేషణం, 'బ్యూటిఫుల్'. రెండోదానికి క్రియావిశేషణం, 'బ్యూటిఫుల్లీ'. మన 'గా' చెవిలో మోగగానే చెయ్యి 'లీ' అతికించేస్తుంది. 'లుక్స్ బ్యూటిఫుల్లీ', 'టేస్ట్స్ నైస్లీ', 'స్మెల్స్ బ్యాడ్లీ' అన్నీ ఈ ఒక్క గుంటలో పడ్డవే.

పరీక్ష ఇలా పెట్టుకోండి. వాక్యంలో క్రియని తీసేసి దాని చోట 'ఈజ్' పెట్టండి. అర్థం దాదాపు నిలబడితే విశేషణం వాడాలి. "హి లుక్స్ యాంగ్రీ" బదులు "హి ఈజ్ యాంగ్రీ" అంటే అర్థం నిలబడింది, కాబట్టి 'యాంగ్రీ'. "హి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ ది డ్రైవర్" లో 'లుక్డ్' తీసి 'వాజ్' పెడితే వాక్యం కూలిపోతుంది. అక్కడ 'లుక్' అంటే కనిపించడం కాదు, చూడటం. కోపంగా చూశాడు. అందుకే అక్కడ 'లీ' కావాలి.

తెలుగులోనే ఆలోచించేవాళ్ళకి ఇంకో దారి: 'కనిపించు, వినిపించు, అనిపించు' అర్థమైతే విశేషణం, 'చూడు, విను, ముట్టుకో' అర్థమైతే 'లీ'. "ది సిల్క్ ఫీల్స్ స్మూత్" అంటే పట్టు నున్నగా తగులుతోంది. "షి ఫెల్ట్ ది సిల్క్ కేర్‌ఫుల్లీ" అంటే ఆవిడ జాగ్రత్తగా తడిమి చూసింది.

బడిగంట:
గోదారిగట్టు గారు చెప్పినదానికి మూడో వాక్యం సంగతి కలుపుతున్నా. 'లైక్' ఎక్కడ పెట్టాలో తేల్చుకుంటే సగం పోరు తీరుతుంది. 'లైక్' తర్వాత నామవాచకం రావాలి, లేదా పూర్తి వాక్యం రావాలి. ఒంటరి విశేషణం రాకూడదు.

"హి లుక్స్ టైర్డ్." విశేషణం ఉంది, 'లైక్' అక్కర్లేదు.
"హి లుక్స్ లైక్ హిజ్ ఫాదర్." నామవాచకం. మన 'లా': వాళ్ళ నాన్నలా ఉన్నాడు.
"హి లుక్స్ లైక్ హి హాజ్‌న్ట్ స్లెప్ట్." వాక్యం. మన 'ట్టు': నిద్రపోనట్టున్నాడు. రాతలో కాస్త మర్యాదగా ఉండాలంటే 'లైక్' తీసి 'యాజ్ ఇఫ్' పెట్టండి.

'లుక్స్ లైక్ యాంగ్రీ', 'ఫీల్స్ లైక్ సాఫ్ట్', 'సౌండ్స్ లైక్ గుడ్' ఈ మూడూ మన దగ్గర రోజూ వినపడతాయి. మూడింట్లోనూ 'లైక్' ఎత్తేస్తే చాలు.

ఐదో వాక్యం సూత్రం: 'హౌ' ఉంటే 'లైక్' ఉండదు, 'లైక్' ఉంటే 'వాట్' ఉండాలి. "హౌ డజ్ ఇట్ లుక్?" కొత్త కళ్ళజోడు పెట్టుకుని అడిగే ప్రశ్న, బాగుందా లేదా అని. "వాట్ డజ్ ఇట్ లుక్ లైక్?" చూడని వస్తువు రూపం అడిగే ప్రశ్న.

దీనికి పక్కనే నాలుగు ప్రశ్నలు కలగాపులగం అవుతుంటాయి:
'ఎలా ఉన్నాడు?' క్షేమం అడగడం: "హౌ ఈజ్ హి?"
'చూడ్డానికి ఎలా ఉంటాడు?' రూపం: "వాట్ డజ్ హి లుక్ లైక్?"
'ఎలాంటివాడు?' గుణం: "వాట్ ఈజ్ హి లైక్?"
'ఏమంటే ఇష్టం?' "వాట్ డజ్ హి లైక్?"

మూడోదానికి చాలామంది "హి లైక్స్ క్రికెట్" అని జవాబిస్తారు. అడిగింది మనిషి స్వభావం. "హి ఈజ్ క్వైట్ బట్ ఫ్రెండ్లీ" లాంటిది చెప్పాలి.

కొత్త_పలక:
'గా' సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదండీ, థాంక్స్. ఇంకో సందేహం. "యు ఆర్ లుకింగ్ గుడ్ టుడే" అని ఇంగ్లీషువాళ్ళే అనడం విన్నాను. మరి 'ఈజ్ లుకింగ్' తప్పెలా అవుతుంది?

గోదారిగట్టు:
ఆ వాక్యం తప్పు కాదు. 'లుక్', 'ఫీల్' రెండూ 'ఇంగ్' ఒప్పుకుంటాయి, కానీ ఇప్పటికిప్పుడు, ఈ వేళకి అనే అర్థంలోనే. "యు ఆర్ లుకింగ్ గుడ్ టుడే", "ఐయామ్ ఫీలింగ్ బెటర్ నౌ" బ్రహ్మాండంగా ఉంటాయి. "హైదరాబాద్ ఈజ్ లుకింగ్ బిగ్" అంటే తేడా కొడుతుంది. ఊరు ఈ పూటకి పెద్దదిగా కనపడి రేపు చిన్నదైపోదు కదా.

'సీమ్', 'సౌండ్', 'స్మెల్', 'టేస్ట్', 'అపియర్' వర్ణనకి వాడినప్పుడు 'ఇంగ్' జోలికి పోకండి. 'స్మెల్', 'టేస్ట్' కి 'ఇంగ్' తగిలిస్తే అర్థమే మారుతుంది. "ది సాంబార్ టేస్ట్స్ గుడ్" అంటే సాంబారు బాగుంది. "ది కుక్ ఈజ్ టేస్టింగ్ ది సాంబార్" అంటే వంటాయన రుచి చూస్తున్నాడు. "ది సాంబార్ ఈజ్ టేస్టింగ్ గుడ్" అంటే మన దగ్గర ఎవరూ తప్పుపట్టరు గానీ పరీక్షలో దిద్దేవాళ్ళు ఒక చుక్క పెట్టుకుంటారు.

తడబాటు ఎక్కడంటే తెలుగులో 'కనిపిస్తోంది, అనిపిస్తోంది, వాసనేస్తోంది' అన్నిటికీ 'తోంది' వస్తుంది. అది వినగానే 'ఇంగ్' అని మెదడు అనువదించేస్తుంది. 'నాకు కష్టంగా అనిపిస్తోంది' "ఇట్ ఈజ్ సీమింగ్ డిఫికల్ట్ టు మీ" కాదు, "ఇట్ సీమ్స్ డిఫికల్ట్". 'నాకు' అనేదాన్ని కూడా చాలాసార్లు వదిలేయొచ్చు.

నాలుగో_వరస:
'లుక్', 'సౌండ్', 'సీమ్' ఈ మూడిట్లో ఏది ఎప్పుడు? తెలుగు 'ట్టుంది' కి మూడూ వస్తాయి, అందుకే గందరగోళం. సమాచారం మీకు ఏ దారిలో వచ్చిందో అదే క్రియ వేయండి.

కళ్ళతో చూశారు: "షి లుక్స్ టైర్డ్."
ఫోన్లో గొంతు విన్నారు: "షి సౌండ్స్ టైర్డ్." ఇక్కడ 'లుక్స్' అంటే వీడియో కాల్ అనుకుంటారు.
మెయిల్ చదివి లేదా నాలుగు సంగతులు కలిపి ఊహించారు: "షి సీమ్స్ అప్‌సెట్."
ఎవరో చెబితే తెలిసింది, మన 'అట': "అపారెంట్లీ షిజ్ అప్‌సెట్."

'సౌండ్' చెవికే పరిమితం కాదు. ఎవరైనా ఒక ఆలోచన చెబితే "దట్ సౌండ్స్ గుడ్", ఆఫీసు బాధలు చెబితే "దట్ సౌండ్స్ టఫ్". మనవాళ్ళు ఈ చోట "ఓకే ఓకే" తో సరిపెట్టేస్తారు. మూడు మాటల ఈ వాక్యం సంభాషణని ఎంత సహజంగా చేస్తుందో వాడి చూడండి.

'సీమ్' తర్వాత క్రియ రావాలంటే 'టు' కావాలి: "హి సీమ్స్ టు నో ది ప్లేస్." నామవాచకం నేరుగా పెట్టడం, "హి సీమ్స్ ఎ నైస్ మ్యాన్", బ్రిటిష్ అలవాటు. అమెరికాలో "సీమ్స్ లైక్ ఎ నైస్ గయ్" ఎక్కువ. 'అపియర్' అంటే 'సీమ్' వేసుకున్న ఇస్త్రీ చొక్కా. రిపోర్టులో బాగుంటుంది, టీ కొట్టు దగ్గర బాగుండదు.

ఇంకొకటి, వాన గురించి. 'వాన వచ్చేలా ఉంది' అన్నదాన్ని "రెయిన్ ఈజ్ లుకింగ్ లైక్ కమింగ్" అని రాసినవాళ్ళున్నారు. ఇంగ్లీషుకి కర్త కుర్చీ ఖాళీగా ఉండకూడదు, అర్థం లేకపోయినా 'ఇట్' ని కూర్చోబెడుతుంది: "ఇట్ లుక్స్ లైక్ రెయిన్" లేదా "ఇట్ లుక్స్ లైక్ ఇట్స్ గోయింగ్ టు రెయిన్." రెండో 'ఇట్' ని కూడా మింగేయొద్దు.

పొయ్యిగట్టు:
తిండి వర్ణన నాకొదిలేయండి. మనకి ఎక్కువ మాటలున్నదీ అక్కడే, ఇంగ్లీషులో ఎక్కువ తడబడేదీ అక్కడే.

'ఉప్పు తక్కువైంది' అంటే "సాల్ట్ ఈజ్ లెస్" అంటాం. వాళ్ళు "ఇట్ నీడ్స్ సాల్ట్" అంటారు. 'ఉప్పెక్కువైంది' అంటే "ఇట్స్ టూ సాల్టీ". 'చప్పగా ఉంది' అంటే "ఇట్ టేస్ట్స్ బ్లాండ్". 'మాడు వాసన' అంటే "ఇట్ స్మెల్స్ బర్న్ట్", ఇంకా మాడుతూనే ఉంటే "సంథింగ్స్ బర్నింగ్!" 'పాలు పాడైన వాసన' అంటే "ది మిల్క్ స్మెల్స్ ఆఫ్". ఈ 'ఆఫ్' చిన్న మాటే గానీ పాడైపోతున్న ఏ తిండికైనా సరిపోతుంది. 'నోరూరుతోంది' ఒక్కటి మాత్రం అచ్చుగుద్దినట్టు కుదురుతుంది: "మై మౌత్ ఈజ్ వాటరింగ్."

కారం దగ్గర జాగ్రత్త. "ది కర్రీ ఈజ్ హాట్" అంటే వేడో కారమో తెలియదు. కారమైతే "స్పైసీ" అనండి. మసాలా ఘాటుకీ ఆ మాటే వాడతారు కాబట్టి మిరపకాయ మంటే అని తేల్చాలంటే "ఇట్స్ గాట్ ఎ లాట్ ఆఫ్ చిల్లీ ఇన్ ఇట్" అనాలి.

సాధనకి ఉగాది పచ్చడిని మించింది లేదు. వేపపువ్వు: "ది నీమ్ ఫ్లవర్స్ టేస్ట్ బిట్టర్." బెల్లం: "ది జాగరీ టేస్ట్స్ స్వీట్." చింతపండు: "ది టామరిండ్ మేక్స్ ఇట్ సవర్." ఉప్పూ కారం సులువే. చిక్కు మామిడి పిందె వగరు దగ్గరే. దానికి 'ఆస్ట్రింజెంట్' అనే మాట ఉంది గానీ భోజనం దగ్గర ఎవరూ అనరు. విశేషణం దొరక్కపోతే ఆ రుచి నోటిని ఏం చేస్తుందో చెప్పండి: "ఇట్ మేక్స్ యువర్ మౌత్ పకర్", "ఇట్ లీవ్స్ యువర్ మౌత్ డ్రై". మాటకి మాట లేనప్పుడు అది చేసే పని చెప్పడం అన్ని వర్ణనలకీ పనికొచ్చే కిటుకు.

ఇక 'ఆఫ్' కీ 'లైక్' కీ తేడా. ఇక్కడ 'ఆఫ్' అంటే పైన చెప్పిన పాడైన 'ఆఫ్' కాదు, 'యొక్క' అర్థమున్నది. "హిజ్ షర్ట్ స్మెల్స్ ఆఫ్ స్మోక్" అంటే పొగ నిజంగానే పట్టింది. "దిస్ టీ స్మెల్స్ లైక్ స్మోక్" అంటే ఆ వాసనని పోలి ఉంది, పొగ ఉండొచ్చు, లేకపోవచ్చు. అనుమానంగా ఉంటే 'లైక్' వేస్తే ఎక్కడా తప్పు కాదు.

చివరిగా, "హి స్మెల్స్" అని ఆపేయొద్దు. వెనక ఏమీ లేకపోతే అది కంపు అని అర్థం. "యు స్మెల్" అని మెచ్చుకోబోతే పెళ్ళి సంబంధం చెడుతుంది. "యు స్మెల్ నైస్" అనాలి.

బడిగంట:
కొత్త_పలక గారి రెండో వాక్యం, 'వాసన వస్తోంది', గురించి ఒక మాట. తెలుగులో వాసన వస్తుంది, మాట వస్తుంది, చప్పుడు వస్తుంది. ఇంగ్లీషులో ఎక్కువగా ఇవి రావు, మనకి తెలుస్తాయి, అంతే. దానికి వాళ్ళ పనిముట్టు 'కెన్'.

"ఐ కెన్ స్మెల్ గ్యాస్." ('ఐయామ్ స్మెల్లింగ్ గ్యాస్' అంటే పనిగట్టుకుని ముక్కు పెట్టి పీలుస్తున్నట్టు.)
"ఐ కెన్ హియర్ ఎ బేబీ క్రైయింగ్."
"ఐ కెన్ టేస్ట్ ది గార్లిక్."
మీటింగులో 'మీ వాయిస్ రావట్లేదు': "యువర్ వాయిస్ ఈజ్ నాట్ కమింగ్" కాదు, "ఐ కాంట్ హియర్ యు". మధ్యమధ్యలో తెగిపోతుంటే "యు ఆర్ బ్రేకింగ్ అప్".

ఇక్కడ 'కెన్' అంటే సామర్థ్యం అనుకోకండి. అనువాదంలో దానికి తెలుగు మాటే రాదు.

మందుచీటి:
పరీక్షకంటే అవసరమైన చోటు ఇంకోటుంది, డాక్టర్ దగ్గర. పిల్లల దగ్గరికి అమెరికాకో బ్రిటన్‌కో వెళ్ళిన పెద్దవాళ్ళు అన్నిటికీ "పెయినింగ్" అనేస్తారు. తెలుగులో బాధకి మనకున్న మాటలు తక్కువేం కాదు. ఒక్కోదానికీ ఇంగ్లీషులో క్రియ ఉంది.

నొప్పి: "మై నీ హర్ట్స్." ఈ క్రియకి 'ఇంగ్' పెట్టినా పర్వాలేదు.
ఒళ్ళంతా తీపు: "మై హోల్ బాడీ ఏక్స్."
సలుపు, గోరుచుట్టులో వచ్చేలాంటిది: "మై ఫింగర్ ఈజ్ త్రాబింగ్."
పోటు: "ఇట్స్ ఎ షార్ప్, స్టాబింగ్ పెయిన్."
మంట: "ఇట్ బర్న్స్ వెన్ ఐ పాస్ యూరిన్."
పుండుకి మందు రాస్తే చురుక్కుమనడం: "ఇట్ స్టింగ్స్."
దురద: "మై స్కిన్ ఇచెస్."
తిమ్మిరి: "మై ఫుట్ హాజ్ గాన్ నంబ్." జుమ్మనడం: "ఇట్ టింగిల్స్."
గుండె దడ: "మై హార్ట్ ఈజ్ పౌండింగ్."
ఆయాసం: "ఐ గెట్ అవుట్ ఆఫ్ బ్రెత్ ఆన్ ది స్టెయిర్స్."
కళ్ళు తిరగడం: "ఐ ఫీల్ డిజీ." ('మై ఐస్ ఆర్ రొటేటింగ్' అంటే కంటి డాక్టర్ దగ్గరికి పంపుతారు.)
కడుపులో తిప్పడం: "ఐ ఫీల్ సిక్ టు మై స్టమక్", బ్రిటన్‌లో ఒట్టి "ఐ ఫీల్ సిక్" చాలు.
చలేయడం: "ఐ ఫీల్ కోల్డ్." జలుబు: "ఐ హావ్ ఎ కోల్డ్." ఒక్క 'ఎ' తో రోగమే మారిపోతుంది.

ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. ఛాతీ పట్టేసినట్టుంటే "గ్యాస్ ప్రాబ్లమ్" అని మీరే తీర్పిచ్చేయకండి. "మై చెస్ట్ ఫీల్స్ టైట్" అనండి. ఎడమ చేతికి లాగుతుంటే "ది పెయిన్ స్ప్రెడ్స్ టు మై లెఫ్ట్ ఆర్మ్" అని కలపండి. మీ పని లక్షణం వర్ణించడం, రోగం పేరు పెట్టడం వాళ్ళ పని. ఎక్కడ, ఎలాంటి నొప్పి, ఎప్పటినుంచి, ఏం చేస్తే పెరుగుతుంది, ఈ వరసలో చెప్తే డాక్టరుకి పని తేలికవుతుంది.

తూకంరాయి:
'పెయినింగ్' మీద అంత కక్షెందుకండీ? భారతదేశమంతా అర్థమవుతుంది. మన ఇంగ్లీషుకి మన నుడికారం ఉండకూడదా?

మందుచీటి:
ఉండొచ్చండీ. గుంటూరులో డాక్టరుకి "హ్యాండ్ పెయినింగ్" అంటే నాకే అభ్యంతరమూ లేదు. డల్లాస్‌లో నర్సు కూడా అర్థం చేసుకుంటుంది. కాకపోతే సలుపా, పోటా, మంటా అన్నది అందులో పోతుంది. తప్పొప్పుల గొడవ పక్కన పెట్టండి, అందులో సమాచారం తక్కువ.

నక్షా:
చోట్ల వర్ణనకి వస్తే మనకి 'ఉంది' ఒక్కటే దిక్కు. కొండ ఉంది, చెరువు ఉంది, రోడ్డు ఉంది. తెలుగులో అది చక్కగా సరిపోతుంది. ఇంగ్లీషులో వరసగా పది 'దేర్ ఈజ్' లు పడితే సామాన్ల లిస్టు చదివినట్టుంటుంది. వాళ్ళు వస్తువు ఆకారాన్ని బట్టి క్రియని ఎంచుకుంటారు.

నిటారుగా ఉన్నవి 'స్టాండ్': "ది చార్మినార్ స్టాండ్స్ ఇన్ ది హార్ట్ ఆఫ్ ది ఓల్డ్ సిటీ."
పరుచుకున్నవి 'లై': "హుస్సేన్ సాగర్ లైస్ బిట్వీన్ హైదరాబాద్ అండ్ సికింద్రాబాద్."
పొడుగ్గా సాగేవి 'రన్': "ది బీచ్ రోడ్ రన్స్ అలాంగ్ ది సీ."
ఎత్తు మీంచి కిందది కనిపించేవి 'ఓవర్‌లుక్': "కైలాసగిరి ఓవర్‌లుక్స్ ది బే." మనుషులకి ఇదే క్రియ వాడితే 'గమనించకుండా వదిలేశారు' అని అర్థం, చూసుకోండి.
ముఖం ఉన్నవి 'ఫేస్': "అవర్ హౌస్ ఫేసెస్ ఈస్ట్." ఈస్ట్ ఫేసింగ్ ఫ్లాట్ అని రోజూ అంటూనే ఉంటాం, వాక్యంలోకి వచ్చేసరికి "అవర్ హౌస్ ఈజ్ టు ఈస్ట్ సైడ్" అని రాస్తాం.

నదికి ఓ పూర్తి వరస ఉంది. గోదావరినే తీసుకోండి: "ది గోదావరి రైజెస్ నియర్ త్రయంబకేశ్వర్, ఫ్లోస్ అబౌట్ 1,465 కిలోమీటర్స్, స్ప్లిట్స్ ఇంటు బ్రాంచెస్ బిలో ధవళేశ్వరం అండ్ ఎంప్టీస్ ఇంటు ది బే ఆఫ్ బెంగాల్." నాలుగు క్రియలు, ఒక్క 'ఈజ్' లేదు. 'రైజెస్' అంటే ఇక్కడ పుట్టడం. అన్నీ సాదా వర్తమానంలో ఉన్నాయి. నది ఎప్పుడూ చేసే పని కాబట్టి 'ఈజ్ ఫ్లోయింగ్' అక్కర్లేదు.

అతి చేయొద్దు కూడా. "ది విలేజ్ నెసిల్స్", "ది హోటల్ బోస్ట్స్ ఎ పూల్" లాంటివి రిసార్టు బ్రోషర్ల భాష. ఎనిమిది వాక్యాల్లో మూడో నాలుగో ఇలాంటి క్రియలు, మిగతావి మామూలు 'ఈజ్', 'హాజ్' ఉంటేనే మనిషి మాట్లాడినట్టుంటుంది.

గోదారిగట్టు:
నక్షా గారి 'స్టాండ్' మీద చిన్న మెలిక. కదలని కట్టడమైతే "స్టాండ్స్", కాసేపు నిలబడ్డ మనిషైతే "ఈజ్ స్టాండింగ్". ఫోటో వర్ణనలో ఇది ప్రాణం. తెలుగులో ఫోటో చూసి 'ఒకాయన కుర్చీలో కూర్చున్నాడు, పక్కన ఆవిడ ఎర్రచీర కట్టుకుంది' అంటాం. రూపం భూతకాలంలా ఉంటుంది, అర్థం ఇప్పటి స్థితి. దాన్ని "హి సాట్", "షి వోర్" అని దించేస్తే పోయింది. "ఎ మ్యాన్ ఈజ్ సిటింగ్ ఇన్ ఎ చైర్", "ది వుమన్ నెక్స్ట్ టు హిమ్ ఈజ్ వేరింగ్ ఎ రెడ్ సారీ." అలాగే "షి ఈజ్ వేరింగ్" అంటే కట్టుకుని ఉంది, కట్టుకునే పని జరుగుతుంటే "షి ఈజ్ పుటింగ్ ఆన్".

లెక్కలపుస్తకం:
గ్రాఫుల సంగతి ఎవరూ ఎత్తలేదు. పీటీఈ అనే ఇంగ్లీషు పరీక్షలో, గ్రాఫునో బొమ్మనో చూసి వర్ణించే డిస్క్రైబ్ ఇమేజ్ ప్రశ్నకి చూసుకోడానికి 25 సెకన్లు, మాట్లాడ్డానికి 40 సెకన్లు. అలాంటిదే ఇంకో పరీక్ష ఐఈఎల్‌టీఎస్, దాని అకడమిక్ రైటింగ్ మొదటి టాస్కులో కనీసం 150 మాటలు, దానికి 20 నిమిషాలు పెట్టుకోమంటారు. రెండిట్లోనూ పడే తప్పులు ఒకటే.

"ది గ్రాఫ్ ఈజ్ షోయింగ్" కాదు, "షోస్".
"సేల్స్ వర్ ఇంక్రీజ్డ్" అంటే ఎవరో పెంచారని. తనంతట పెరిగితే "సేల్స్ ఇంక్రీజ్డ్" లేదా "రోజ్".
'రైజ్' లు రెండు, పలకడంలో తేడా 'స', 'జ' ల్లో లేదు, అచ్చులో ఉంది. తనంతట లేచేది "రైజ్", గతంలో "రోజ్". ఒకరు లేపేది "రెయిజ్", గతంలో "రెయిజ్డ్". ధరలు రోజ్, ప్రభుత్వం పన్ను రెయిజ్డ్.
'బై' తేడా, 'టు' గమ్యం. 20 నుంచి 30 కి పెరిగితే "రోజ్ బై 10" అనండి, లేదా "రోజ్ టు 30". "రోజ్ బై 30" అంటే గ్రాఫే మారిపోయింది.

40 సెకన్లలో ప్రతి గీతనీ చదవబోతే సగంలో మైకు ఆగిపోతుంది. శీర్షిక ఒక వాక్యం, అత్యధికం ఒకటి, అత్యల్పం ఒకటి, మొత్తం పోకడ ఒకటి. క్రియలు నాలుగు చాలు: 'షోస్', 'పీక్స్', 'ఫాల్స్', 'లెవల్స్ ఆఫ్'.

నాలుగో_వరస:
అసలు 'డిస్క్రైబ్' దగ్గరే తప్పు జరుగుతుంది, అది మర్చిపోయాం. "డిస్క్రైబ్ అబౌట్ యువర్ టౌన్" కాదు, "డిస్క్రైబ్ యువర్ టౌన్". మన 'గురించి' అందులోకి దూరిపోతుంది. 'డిస్కస్' కీ ఇదే జబ్బు. 'టాక్', 'టెల్' కి మాత్రం 'అబౌట్' ఉంటుంది. "డిస్క్రైబ్ మీ ది హౌస్" కూడా కుదరదు, "డిస్క్రైబ్ ది హౌస్ టు మీ". ఒకరిని ఫలానావాడిగా వర్ణిస్తే 'యాజ్': "హర్ టీచర్స్ డిస్క్రైబ్ హర్ యాజ్ క్వైట్."

'కన్సిస్ట్' కి 'ఆఫ్' ఉంటుంది, 'కంటైన్' కి ఉండదు. 'రిజెంబుల్' కి 'విత్' గానీ 'టు' గానీ అక్కర్లేదు: "షి రిజెంబుల్స్ హర్ మదర్." ఈ మూడింటికీ 'ఇంగ్' పెట్టకండి.

కొత్త_పలక:
అందరికీ దండాలు. మా వీధి గురించి రాశాను, చూడండి:

"అవర్ స్ట్రీట్ రన్స్ ఫ్రమ్ ది బస్ స్టాండ్ టు ది టెంపుల్. ఆన్ ది లెఫ్ట్ స్టాండ్స్ యాన్ ఓల్డ్ నీమ్ ట్రీ. ఇన్ ది ఈవెనింగ్స్ ఐ కెన్ స్మెల్ మిర్చి బజ్జీ ఫ్రమ్ ది కార్నర్ స్టాల్. ది స్ట్రీట్ లుక్స్ నారోలీ, బట్ ఇట్ ఫీల్స్ లైక్ ఫ్రెండ్లీ. ది టెంపుల్ ఈజ్ ఫేసింగ్ ఈస్ట్."

బడిగంట:
మొదటి మూడూ వంక పెట్టడానికి లేవు. "యాన్ ఓల్డ్ నీమ్ ట్రీ స్టాండ్స్ ఆన్ ది లెఫ్ట్" అంటే మాటలో ఇంకా తేలిగ్గా ఉంటుంది, మీరు రాసిన వరస పుస్తకాల్లో ఎక్కువ.

నాలుగో దాంట్లో పాత స్నేహితులిద్దరూ మళ్ళీ దూరారు. 'లుక్స్' తీసి 'ఈజ్' పెట్టి చూడండి: "ది స్ట్రీట్ ఈజ్ నారో". కాబట్టి "లుక్స్ నారో". 'ఫ్రెండ్లీ' చివర 'లీ' ఉన్నా అది విశేషణమే, ముందు 'లైక్' వద్దు: "ఇట్ ఫీల్స్ ఫ్రెండ్లీ".

గుడి రేపు పడమరకి తిరగదు కనక "ఫేసెస్ ఈస్ట్".

పొయ్యిగట్టు:
'మిర్చి బజ్జీ' ఒకటే ఉందా బండి మీద? "మిర్చి బజ్జీస్ ఫ్రైయింగ్" అని కలపండి. "ఐ కెన్ స్మెల్" తర్వాత వస్తువు, దాని వెనక 'ఇంగ్' క్రియ: "ఐ కెన్ స్మెల్ మిర్చి బజ్జీస్ ఫ్రైయింగ్ ఎట్ ది కార్నర్ స్టాల్." నూనె కాగుతున్న సంగతి కూడా తెలుస్తుంది.